ఆతిథ్యమిచ్చిన బడికి సన్మాన పత్రం

సంతకప్రదాన చింతామణీ, రికార్డు సంరక్షణ ధురంధరా, నిశ్శబ్ద బోధనా నిధానమా, వారాల తరబడి ఎవరినీ ఏమీ నేర్చుకోమని బలవంతపెట్టని పరమశాంత ప్రాంగణమా! జైసల్మేరు తర్వాత దేశంలో ఇంత తక్కువ వాన మాకే అని చెప్పుకునే ఈ అనంతపురం మెట్టనేల మీద, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే వానను నమ్ముకుని చెనిక్కాయలు విత్తే రైతుల బిడ్డలు గణితం, భౌతికశాస్త్రం, జీవశాస్త్రం మెథడాలజీలు తీసుకుని, చంకలో చార్టు చుట్టలతో, చేతుల్లో రికార్డుల మోపులతో మీ గేటు ముందు నిలబడతారు. వారిని లోపలికి పిలిచి, కుర్చీలు చాలకపోతే సైకిల్ స్టాండు నీడన కూర్చోబెట్టి, కొన్ని వారాల్లో ఉపాధ్యాయులుగా తీర్చిదిద్ది పంపే మీ ఔదార్యాన్ని పొగడాలంటే పెనుకొండ కొలువులోని వందిమాగధులు దిగి రావాలి. మాకంత పాండిత్యం లేదు. కటారుపల్లిలో సమాధి అయిన వేమన అయితే రెండు ముక్కల్లో తేల్చేసేవాడు. ఆయన పొదుపు మాకు అబ్బలేదు గనుక విస్తారంగానే స్తుతిస్తాం, మన్నించాలి.

ముందుగా మీ నిబంధనపాలనకు జోహార్లు. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014లో కొత్త నిబంధనలు తెచ్చి, ఏడాది బీఎడ్‌ను రెండేళ్లకు పెంచి, అందులో ఇరవై వారాలు బడిలోనే గడపాలని శాసించింది. మొదటి ఏడు నాలుగు వారాలు, రెండో ఏడు పదహారు. ఆ వారాల్లో కొత్తవాళ్లు మొదట అయ్యవారి పాఠాన్ని వెనక బెంచీలో కూర్చుని గమనిస్తారని, తర్వాత ఆయన గమనిస్తుండగా తాము చెబుతారని, సాయంత్రం ఇద్దరూ కూర్చుని పాఠం ఎక్కడ తడబడిందో మాట్లాడుకుంటారని నిబంధనలు రాసినవారు ఊహించుకున్నారు. ఢిల్లీలో కూర్చున్నవాళ్లకు ఊహలకేం తక్కువ! మీరు మాత్రం ఆ ఇరవై వారాల్లో ఒక్క రోజు కూడా నేలపాలు కానివ్వలేదు. అన్నీ రిజిస్టరులో భద్రంగా ఉన్నాయి. మధ్యలో వచ్చిన ఆదివారాలు కూడా ఉన్నాయని గిట్టనివాళ్లు అంటారు. ఉంటే మాత్రం ఏం, దానం చేసేటప్పుడు లెక్క చూసుకునేవాడు దాత ఎట్లా అవుతాడు?

ట్రైనింగు సార్లు అడుగుపెట్టిన మొదటి రోజే మీరు వారిపై చూపే నమ్మకం చూసి తీరవలసిందే. లెక్కల సారు బదిలీపై వెళ్లి పోస్టు ఖాళీగా ఉందనుకోండి, మరో బడిలో అయితే ఎవరైనా దిగులు పడతారు. మీరు టైంటేబులు తీసి, ఆ గళ్లన్నిటిలో కొత్తగా వచ్చిన అబ్బాయి పేరు రాసేస్తారు. అతడింతవరకు ఒక్క పాఠమైనా చెప్పాడా అని అడిగి అవమానించరు. పదో తరగతి త్రికోణమితి అతడిది, తొమ్మిదో తరగతి బహుపదులు అతడివి, ఏడో తరగతి అల్లరి కూడా అతడిదే. ఈత రానివాణ్ణి బావిలోకి తోసి నేర్పించడం పాతకాలపు మొరటు పద్ధతి. మన ప్రాంతంలో బావుల్లో నీళ్లు లేవు గనుక తోసినా మునిగే భయం లేదు, ఈదే అవసరం అంతకన్నా లేదు. పిల్లలు కూడా మీ పెంపకంలో పెరిగినవారే కాబట్టి ఎంతో హుషారుగా సహకరిస్తారు. ‘బీఈడీ సార్లు వచ్చినారు’ అన్న కబురు వినగానే, ఆ సంవత్సరానికి చదువు ముగిసిందన్న ప్రశాంతత వారి ముఖాల్లో కనిపిస్తుంది.

మరి ఆ బడి సొంత అయ్యవార్లు? వారికి తీరిక ఎక్కడిది! హాజరు యాప్‌లో, మధ్యాహ్న భోజనం లెక్క యాప్‌లో, ఏ పూట ఏ కోడిగుడ్డు వచ్చిందో యాప్‌లో. మరుగుదొడ్ల ఫోటోలు తీసి ఎక్కించే భాగ్యం కూడా కొన్నేళ్లు వారికి దక్కింది. ఇంతటి పని మధ్య ఒక కుర్రవాడి వెనక కూర్చుని అతడు ఋణసంఖ్యలు ఎట్లా చెబుతున్నాడో చూడమనడం క్రూరత్వం కాక ఇంకేమిటి? అందుకే మీరు ఒక సుందరమైన ఏర్పాటు చేశారు. చూడవలసినవారికి తీరిక లేదు గనుక చూపవలసినవారినే ఆ పనిలోకి దించారు. పరీక్షల మార్కులు రిజిస్టరులోకి దింపడం, ప్రాజెక్టు పుస్తకాలకు అట్టలు వేయడం, యాప్‌లో హాజరు పడనప్పుడు ఫోను పట్టుకుని కిటికీ దగ్గర సిగ్నలు వెతకడం, వీటిలో మీ శిష్యులు సంపాదించే నైపుణ్యం ఏ విశ్వవిద్యాలయం సిలబస్‌లోనూ లేదు.

ఈ శిష్యులకు దారి చూపవలసిన మీ మెంటార్లను తలచుకుంటే దక్షిణామూర్తి గుర్తుకొస్తాడు. మర్రిచెట్టు కింద కూర్చుని మౌనంతోనే శిష్యుల సంశయాలన్నీ తీర్చాడట ఆయన. మర్రికి మనకు కొదవ లేదు, కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఎకరాల కొద్దీ పరచుకుని ఉంది. మౌనానికి అంతకన్నా కొదవ లేదు. అయితే దక్షిణామూర్తి మౌనంగా ఉన్నా ఎదురుగా ఉండేవాడు. ఆ పరిమితిని కూడా మీ మెంటార్లు దాటేశారు. వారు స్టాఫ్ రూములో ఉండగానే, రెండు గోడల అవతల జరుగుతున్న పాఠంలో ఉన్ముఖీకరణ ఎట్లా ఉంది, నల్లబల్ల పని ఎట్లా ఉంది, పునశ్చరణ ప్రశ్నలు ఎట్లా ఉన్నాయి అన్నీ వారికి తెలిసిపోతాయి. పరిశీలన పుస్తకంలో వారు రాసే వాక్యం చూడండి: ‘పాఠం బాగుంది. నల్లబల్ల పని ఇంకా మెరుగుపరచుకోవాలి.’ ఆరో తరగతి భిన్నాలకూ ఇదే, తొమ్మిదో తరగతి చలనానికీ ఇదే, పదో తరగతి అనువంశికతకూ ఇదే. నిరుడు వచ్చినవారికీ ఇదే, అంతకు ముందేడు వచ్చినవారికీ ఇదే. నల్లబల్ల పోయి కొన్ని గదుల్లో డిజిటల్ తెర వచ్చినా ఆ వాక్యం చెక్కుచెదరలేదు. ఒకే మాట, ఒకే సిరా, ఒకే రోజు నలభై సంతకాలు! శాసనాలు చెక్కించిన రాయలవారికి కూడా ఇంతటి ఏకవాక్యత ఉన్నట్టు దాఖలా లేదు.

ఇక్కడ పరాయిదేశాల దైన్యాన్ని కొంచెం తలచుకోవాలి. జపానులో ఒక్క లెక్కల పాఠం చెప్పడానికి బడిలోని అయ్యవార్లంతా కలిసి ముందుగా పథకం రాసుకుంటారు. ఒకరు చెబుతుంటే మిగిలినవారు గోడ వెంబడి నిలబడి, ఏ పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో కాగితం మీద గుర్తు పెట్టుకుంటారు. తర్వాత దాని మీదే గంటల కొద్దీ చర్చ. ఎంత అనుమానం, తోటివారి మీద! ఫిన్లాండులో విశ్వవిద్యాలయాలు తమ శిక్షణ విద్యార్థుల కోసం సొంత బడులే నడుపుతాయి. ఊరి బడి హెడ్మాస్టరు చేతిలో తమ పిల్లల్ని పెట్టడానికి ధైర్యం చాలలేదు కాబోలు. 1963 ప్రాంతంలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో డ్వైట్ ఆలెన్, ఆయన సహచరులు సూక్ష్మబోధన కనిపెట్టి, ఐదారు నిమిషాల పాఠాన్ని చెప్పించి, లోపం చూపించి, మళ్లీ చెప్పించి నానా తంటాలు పడ్డారు. మన దగ్గర ఆ ‘బోధన, పునర్బోధన’ చక్రం జిరాక్సు అంగట్లోనే గిరగిరా తిరిగి, సాయంత్రానికల్లా స్పైరల్ బైండింగుతో సహా చేతికి వస్తుంది.

ఇక విజ్ఞానశాస్త్రంలో మీరు చూపే నిగ్రహానికి ఎన్ని దండలు వేసినా తక్కువే. ప్రయోగశాల బీరువా తాళంచెవి హెడ్మాస్టరు గారి దగ్గర ఉంటుంది, హెడ్మాస్టరు గారు మండల మీటింగులో ఉంటారు, మండల మీటింగు ఎప్పుడూ ఉంటుంది. అందువల్లనే పరీక్షనాళికలు ఇప్పటికీ పురిటికందుల్లా పగలకుండా ఉన్నాయి, లిట్మస్ కాగితాలు ఏ ఆమ్లం మొహమూ చూడకుండా కన్యత్వం కాపాడుకుంటున్నాయి. బీరువా బయటి ప్రపంచం విషయంలోనూ మీ నిగ్రహం అంతే. రామగిరి కొండల మీద గాలిమరలు తిరుగుతుంటాయి. మీ క్లాసులో గాలిమర చార్టు మీద కదలకుండా ఉంటుంది, పిల్లల కళ్లు తిరగకూడదు కదా. నంబులపూలకుంటలో సౌర పలకలు కనుచూపు మేర పరచుకుని ఉన్నాయి. మీ సౌరశక్తి పాఠంలో సూర్యుడు పసుపు స్కెచ్ పెన్నుతో, కళ్లూ ముక్కూ నోటితో చిరునవ్వు నవ్వుతుంటాడు. వజ్రకరూరులో తొలకరి పడితే జనం పనులు మానుకుని చేలల్లో వజ్రాలు వెతుకుతారు. కార్బన్ రూపాంతరాల పాఠం మాత్రం ఆ మండలంలో కూడా థర్మకోల్ ముక్క మీద వజ్రం బొమ్మతోనే సాగాలి, లేకపోతే టీఎల్ఎం అనే బోధనోపకరణాల మార్కులు ఎవరిస్తారు? బోరు ఎన్ని అడుగులు దింపితే ఎన్ని వేలవుతుందో, లోతు పెరిగేకొద్దీ అడుగు రేటు ఎందుకు పెరుగుతుందో ఇంట్లో రోజూ వినే పిల్లవాడికి, రేఖీయ సమీకరణాలు చెప్పడానికి రాము దగ్గర ఐదు మామిడిపళ్లు ఉండనే ఉన్నాయి.

ఈ నిగ్రహం తెలియక ఒకసారి ఒక ట్రైనింగు మేడం తొందరపడింది. చిక్కుడు కుటుంబపు మొక్కల వేళ్ల మీద ఉండే బుడిపెల్లో బాక్టీరియా చేరి గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుందన్న పాఠానికి, చార్టు పక్కన పెట్టి, పిల్లల్ని ప్రహరీ అవతలి చెనిక్కాయ చేనులోకి తీసుకుపోయింది. రైతును అడిగి నాలుగు చెట్లు పీకించి, మట్టి దులిపి, వేళ్ల మీది గులాబి రంగు బుడిపెల్ని గోటితో చిదిమి చూపించింది. అంతటితో ఆగినా బాగుండేది. ఒక పిల్లవాడు లేచి, ‘మా చేన్లో చెట్లకు ఇట్లాంటివి ఇన్ని లేవు మేడం, ఎందుకు?’ అని అడిగేశాడు. బడిలో ప్రశ్న! అది కూడా పిల్లవాడి నోట! మీ మెంటార్ గారు ఎంత నిబ్బరంగా వ్యవహరించారంటే, ఆమెను పక్కకు పిలిచి, ఒక్క పరుషమైన మాట అనకుండా, ‘ఇది నీ పాఠ్యపథకంలో లేదు గదమ్మా’ అని తండ్రిలా చెప్పి, మర్నాటి నుంచి ఆమెకు లైబ్రరీ పుస్తకాలకు నంబర్లు వేసే పని అప్పగించారు. ఆ పిల్లవాడు మళ్లీ ఏమీ అడగలేదని విన్నాం. ఇంత త్వరగా ఫలితమిచ్చే మార్గదర్శనం లోకంలో ఇంకెక్కడుంది?

అన్నిటికీ మకుటం ఫైనల్ లెసన్. యూనివర్సిటీ నుంచి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరు వచ్చే ఆ రోజు వైభవం వర్ణించడానికి దండకం కావాలి. వారం ముందు నుంచే ఆ ఒక్క పాఠం ఆ ఒక్క సెక్షనుకు పదేపదే చెప్పి, ఏ ప్రశ్నకు ఎవరు లేవాలో, ఎవరు తప్పు చెప్పాలో, ఆ తప్పును ఎవరు దిద్దాలో ఏర్పాటు చేసి, సురభి నాటక సమాజం వారు వచ్చి చూసి నేర్చుకోవలసినంత పకడ్బందీగా తయారు చేస్తారు. చార్టులు ఈ గది నుంచి ఆ గదికి పరుగులు తీస్తాయి. ఒకే మానవ హృదయం నమూనా నలుగురి పాఠాల్లో కొట్టుకుంటుంది. ఎగ్జామినరు మహాశయుడు ఉన్ముఖీకరణకు ఒక గదిలోకి, శీర్షిక ప్రకటనకు మరో గదిలోకి, ఇంటిపనికి ఇంకో గదిలోకి గాలిలా వెళ్లి, ముక్కలన్నీ మనసులో అతికించుకుని పూర్తి పాఠాన్ని దర్శిస్తారు. ఎదుట కూర్చున్న పిల్లల కంఠస్థం ఎంత పక్వమైనదంటే, ఒక గదిలో ట్రైనీ సారు ప్రశ్న సగం అడిగేసరికే జవాబు వచ్చేసింది. ఇంకో పిల్ల అయోమయంగా లేచి, ‘సార్, నిన్న చెప్పినాను గదా, ఈపొద్దు గూడా నేనే చెప్పల్లా?’ అని అడిగింది. ఎగ్జామినరు గారు ఆ సంభాషణను పునర్బలన నైపుణ్యం కింద మెచ్చుకున్నారు. అప్పటికే వంటగది నుంచి ఓళిగల వాసన వస్తోంది. రాగి సంగటీ, నాటుకోడి పులుసూ ఆరకముందే మార్కుల జాబితా సిద్ధం. అందరికీ తొంభైలే. ఫెయిలయినవాడు ఒక్కడూ లేడు, నేర్చుకోవడానికి ఏదైనా మిగిలి ఉన్నవాడు అంతకన్నా లేడు.

మీ సంప్రదాయం నిన్నటిది కాదని చెప్పడానికి చరిత్ర సాక్ష్యమిస్తుంది. దత్తమండలాల కలెక్టరుగా అనంతపురంలో మకాం పెట్టిన థామస్ మన్రో, మద్రాసు గవర్నరయ్యాక 1822లో తన ఏలుబడిలోని బడుల లెక్క అడిగాడు. అప్పటికి అనంతపురం బళ్లారి జిల్లాలో భాగమే, 1882లో గాని వేరుపడలేదు. బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823లో పంపిన నివేదికలో జిల్లా మొత్తానికి 533 బడులు, 6,641 మంది పిల్లలు. ఆయన రెండు సంగతులు ప్రత్యేకంగా రాశాడు. మన వీధిబడుల్లో ముందు నేర్చుకున్న పిల్లలు వెనకవాళ్లకు చెబుతూ, అట్లా చెప్పడంలోనే తమ చదువును గట్టిపరచుకుంటారని, ఇంగ్లండు ఈ పద్ధతిని అనుకరించడం న్యాయమేనని మెచ్చుకున్నాడు. పిల్లలు పద్యాలు బోలెడు అప్పజెబుతారు గాని, వాటి అర్థం విషయంలో చిలకకూ వాళ్లకూ తేడా లేదని కూడా అన్నాడు. మొదటి దాన్ని అప్పటికే మద్రాసు ఎగ్మోరు అనాథాశ్రమంలో ఆండ్రూ బెల్ పట్టుకుని, ఇంగ్లండుకు మోసుకుపోయి, 1797లో పుస్తకం వేసి ‘మద్రాసు పద్ధతి’గా పేరు తెచ్చుకున్నాడు. చెబుతూ నేర్చుకునే విద్యను అట్లా నిస్వార్థంగా ఎగుమతి చేసేసి, చిలకను మాత్రం పంజరంతో సహా మన దగ్గరే అట్టిపెట్టుకున్నాం. రెండు వందల ఏళ్లుగా దాని రెక్క ఒక్కటి రాలకుండా కాపాడుతున్న ఘనత మీది.

మీ వాత్సల్యం కంటికి కనిపించేవారికే పరిమితం కాదు. నాన్ అటెండింగ్ పద్ధతిన ఎక్కడో దూరదేశాల నుంచి సీటు కొనుక్కుని, మన ఊరి ఎండనూ మన బడి గేటునూ ఏనాడూ చూడని పుణ్యాత్ములకు కూడా పదహారు వారాల హాజరు, నలభై పాఠాలు, ఒక సత్ప్రవర్తన ధ్రువపత్రం ఇవ్వగల మహిమ కొన్ని బడులకుంది. నిరాకారుణ్ణి పూజించడం వేదాంతంలో చివరి మెట్టు. ఆ మెట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నవారు వీరే. 2012లో జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్, దాన్ని తలచుకుంటూ 2020 జాతీయ విద్యావిధానం, దేశంలో పదివేలకు పైబడిన విడి ఉపాధ్యాయ విద్యా సంస్థల్లో అధికభాగం గురించి, చదువు చెప్పే ప్రయత్నమైనా చేయకుండా డిగ్రీలు వెల కట్టి ఇస్తున్నాయని అచ్చు వేసి మరీ కీర్తించాయి. మన పేరు విడిగా ఎత్తకపోవడం మన వినయాన్ని గౌరవించడానికే అయి ఉంటుంది.

2025లో వచ్చిన ముసాయిదా నిబంధనల్లో ఏడాది బీఎడ్ మళ్లీ తలెత్తింది. డిగ్రీ నాలుగేళ్లు చదివినవారికీ, పీజీ చేసినవారికీ మాత్రమే అని షరతు. రెండేళ్లు తీసుకుని నేర్పనిదాన్ని ఏడాదిలోనే నేర్పకుండా ఉండగలమని ఇన్నేళ్లుగా మీరు నిరూపించి చూపాక, ఆ పొదుపు ఢిల్లీకి అర్థం కావడానికి ఇంత కాలం పట్టడమే వింత.

మీ దూరదృష్టికి తుది ప్రమాణం ఉపాధ్యాయ నియామకాల డీఎస్సీ. 2018 తర్వాత రాష్ట్రంలో అసలైన నియామకాల మాట 2025 మెగా డీఎస్సీ దాకా నిజం కాలేదు. 16,347 పోస్టులకు ఆ ఎంపిక ఎట్లా జరిగింది? కంప్యూటరు ముందు కూర్చుని నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కాలి. రాతపరీక్షకు ఎనభై మార్కులు, అర్హత పరీక్ష టెట్‌కు ఇరవై. ఒక నల్లబల్ల లేదు, ఒక సుద్దముక్క లేదు, ఎదురుగా ఒక్క పిల్లవాడు లేడు. పాఠం చెప్పి చూపించమని ఎవరూ అడగలేదు. ఇది ముందే గ్రహించారు గనుకనే ఆ పదహారు వారాల్లో మీ శిష్యుల కాలాన్ని బోధన అనే నిరుపయోగ విద్య మీద వృథా కానివ్వలేదు. సైకిల్ స్టాండు కింద కూర్చుని వారు చదువుకున్నది బిట్ బ్యాంకులే. ఎంత ముందుచూపు!

ఆ బిట్ బ్యాంకుల చలవతోనే మీ శిష్యుడొకడు లెక్కల స్కూల్ అసిస్టెంటుగా ఎంపికై, కొత్త బడిలో చేరాడు. టైంటేబులు చేతికిచ్చి ఏమైనా సందేహాలున్నాయా అని హెడ్మాస్టరు గారు అడిగితే, కాగితం ఒకసారి పైనుంచి కిందికి చూసి అతడు అడిగిన మాట ఒక్కటే: ‘సార్, మన బడికి బీఈడీ వాళ్లు ఏ నెలలో వస్తారు?’